రాజమండ్రి – హైదరాబాద్ విమానం: ఎన్ని కిలోమీటర్లు, ఎంతసేపు? తరచుగా అడిగే ప్రశ్నలు

రావులపాలెంలో మాది టికెట్ల కొట్టు. రైలు, బస్సు, విమానం అన్నీ బుక్ చేస్తాం. కొట్టుకొచ్చేవాళ్ళు, ఫోన్లు చేసేవాళ్ళు తిప్పి తిప్పి అవే ప్రశ్నలు అడుగుతుంటే జవాబులన్నీ ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. విమానాల టైమింగులు సీజన్‌కి ఒకసారి మారతాయి కాబట్టి అవి ఇక్కడ ఇవ్వలేదు, బుక్ చేసే రోజున చూసుకోండి. దూరాలు మాత్రం ఎప్పటికీ అవే.

రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కి విమానంలో ఎన్ని కిలోమీటర్లు?

మధురపూడి ఎయిర్‌పోర్టు నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి తిన్నగా గీత గీస్తే సుమారు 360 కిలోమీటర్లు. పైలట్ల లెక్కలో 195 నాటికల్ మైళ్ళు. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు.

రోడ్డు మీద విజయవాడ మీదుగా వెళ్తే ఇదే ప్రయాణం 430 కిలోమీటర్ల దాకా అవుతుంది. రైల్లో విజయవాడ, ఖాజీపేట మీదుగా సికింద్రాబాద్‌కి దాదాపు 500. ఇంత తేడా ఎందుకంటే, హైదరాబాద్ మనకి ఇంచుమించు సూటిగా పడమర. మధురపూడి 17.1 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటే శంషాబాద్ 17.2 మీద ఉంది. విమానం ఆ వరుసలోనే పోతుంది. రోడ్డూ రైలూ ముందు నైరుతి దిక్కుగా విజయవాడకి దిగి, అక్కడ కృష్ణ ఒడ్డు చూసుకుని, మళ్ళీ పైకెక్కాలి.

ప్రయాణం ఎంతసేపు?

టికెట్ మీద గంటా ఐదు నిమిషాల నుంచి గంటా ఇరవై నిమిషాల మధ్య వేస్తారు. అందులో గాల్లో ఉండేది ముప్పావు గంట, మహా అయితే యాభై నిమిషాలు.

360 కిలోమీటర్లకి గంటా పది నిమిషాలా? విమానం అంత నెమ్మదా?

మా కొట్లో లెక్కలు బాగా వచ్చినవాళ్ళు అడిగే ప్రశ్న ఇది. ఏటీఆర్ అనే చిన్న ఫ్యాన్ విమానం గంటకి 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 360ని 500తో భాగిస్తే 43 నిమిషాలు. మరి మిగిలిన అరగంట ఏమైంది?

టికెట్ మీద రాసేది గాల్లో ఉండే సమయం కాదు. ఇక్కడ చక్రాల కింద అడ్డుచెక్కలు తీసి విమానం కదిలిన దగ్గర్నుంచి, అక్కడ మళ్ళీ నిలబడి అడ్డుచెక్కలు పెట్టే దాకా లెక్క. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. మధురపూడిలో నిలబడ్డ చోటు నుంచి రన్‌వే కొసకి పోవడానికి కాసేపు పడుతుంది. శంషాబాద్‌లో దిగాక టెర్మినల్ దాకా దొర్లుకుంటూ పోవడానికే ఒక్కోసారి పది నిమిషాలు. పైగా 500 అన్నది పైకెక్కి స్థిరపడ్డాక వచ్చే వేగం. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అంత ఉండదు. ఇంత చిన్న ప్రయాణంలో ఎక్కడం, దిగడమే సగం దూరం తినేస్తాయి.

ఇక గీత విషయం. విమానం గీసిన గీత మీదే పోదు. ఆకాశంలోనూ దారులుంటాయి, వాటి పేర్లూ నంబర్లూ వేరు. శంషాబాద్ దగ్గరికి రాగానే నాలుగు దిక్కుల నుంచీ వచ్చే విమానాల్ని వరుసలో పెడతారు. ముందున్నది దిగేదాకా మనది ఒక చుట్టు తిరగొచ్చు. సాయంత్రం రద్దీలో అయితే కింద ఔటర్ రింగ్ రోడ్డు కనిపిస్తూనే ఉంటుంది, విమానం మాత్రం దిగదు.

ఇవి కాక కంపెనీలు ఒక పది నిమిషాలు చేతిలో ఉంచుకునే టైమ్ వేసుకుంటాయి. అందుకే ఇరవై నిమిషాలు ఆలస్యంగా బయల్దేరిన విమానం కూడా అప్పుడప్పుడు 'టైమ్‌కే వచ్చాం' అని మైకులో చెప్తుంది.

ఏటీఆర్ అంటే ఏంటి? ఎయిర్‌బస్ అయితే తొందరగా వెళ్తుందా?

ఏటీఆర్ 72 అంటే రెక్కలకి ఫ్యాన్లున్న విమానం. 70 నుంచి 78 మంది పడతారు. ఒక వరుసకి అటు రెండు, ఇటు రెండు సీట్లు. మధ్య సీటు గొడవే లేదు. ఎక్కేది వెనక తలుపు నుంచి, ముందు భాగంలో సామాన్లు పెడతారు. అందుకే ఒకటో వరుస అడిగి మరీ తీసుకున్నవాళ్ళు ఆఖర్న దిగాల్సొస్తుంది. ముందు దిగాలంటే వెనక సీటు తీసుకోండి. తలపైన సామాన్ల అర చిన్నది, గట్టి సూట్‌కేస్ చాలాసార్లు పట్టదు. సిబ్బంది తీసుకుని కింద వేస్తారు, కంగారు పడొద్దు.

ఎయిర్‌బస్ ఏ320లో 180 మంది దాకా పడతారు. వేగం గంటకి 830 కిలోమీటర్ల దరిదాపు. కానీ హైదరాబాద్‌ దాకా అయితే ఆ వేగం అందుకుని కాస్త స్థిరపడేసరికే దిగే వేళవుతుంది. అందుకని రెండింటికీ మధ్య తేడా పది నిమిషాలకి మించదు. ఢిల్లీ, ముంబై లాంటి దూరాల్లోనే పెద్ద విమానం సత్తా తెలిసేది.

చాలామంది 'ఫ్యాన్ విమానమా, భయమండి' అంటారు. భయం దేనికో నాకర్థం కాదు. ఆ ఫ్యాన్లని తిప్పేవి కూడా జెట్ తరహా టర్బైన్ ఇంజన్లే. చిన్న దూరాలకి ఇంధనం తక్కువ తాగుతాయి కాబట్టే కంపెనీలు వాటిని వేస్తాయి. చప్పుడు కొంచెం ఎక్కువ, మబ్బుల్లో కుదుపు కొంచెం ఎక్కువ. ఇది 17,000 నుంచి 20,000 అడుగుల ఎత్తులో పోతుంది, వానాకాలం మబ్బులు అక్కడే ఉంటాయి మరి. ఎయిర్‌బస్ 35,000 అడుగుల దాకా ఎక్కగలదు కాబట్టి చాలా మబ్బులు దాని కిందే ఉండిపోతాయి.

వెళ్ళేటప్పుడు ఒక టైమ్, వచ్చేటప్పుడు ఇంకో టైమ్ ఎందుకు?

గాలి. చలికాలంలో పైన పడమటి గాలి వీస్తుంది. హైదరాబాద్ నుంచి మనవైపు వచ్చేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది, వెళ్ళేటప్పుడు ఎదురొస్తుంది. గంటకి 40 కిలోమీటర్ల గాలి ఉందనుకోండి. వచ్చేటప్పుడు 540 వేగం, 40 నిమిషాలు. వెళ్ళేటప్పుడు 460 వేగం, 47 నిమిషాలు. ఏడు నిమిషాల తేడా. ఉత్తరాదిలో శీతాకాలపు గాలి ఇంతకన్నా చాలా బలంగా ఉంటుంది, అక్కడి దూరప్రయాణాల్లో తేడా అరగంట కూడా దాటుతుంది.

కిటికీ సీటు ఎటువైపు తీసుకుంటే గోదారి కనిపిస్తుంది?

హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు కుడివైపు. విమానం తూర్పుకి వస్తుంది కాబట్టి డెల్టా అంతా కుడిచేతి వైపు, అంటే దక్షిణాన ఉంటుంది. మధురపూడి రన్‌వే నైరుతి నుంచి ఈశాన్యానికి ఉంది. నైరుతి వైపు నుంచి దిగితే గోదారి దాటే వస్తుంది. ఆ నాలుగైదు నిమిషాల్లో కొవ్వూరు, రాజమండ్రి మధ్య వంతెనలు వరసగా కనిపిస్తాయి: 1997లో రైళ్ళు ఆపేసిన పాత హేవ్‌లాక్, 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన, విల్లు ఆకారంలో ఉన్న ఆర్చి వంతెన, 2015లో తెరిచిన గామన్ బ్రిడ్జి. ఇంకాస్త దూరంగా ధవళేశ్వరం బ్యారేజీ, దాని కిందనుంచి గౌతమి, వశిష్ఠ విడిపోవడం. అదీ ఎండ ఉండి, మబ్బు లేకపోతేనే. వెళ్ళేటప్పుడు ఎడమవైపు కూర్చోండి. గాలి మారి రెండో వైపు నుంచి దింపితే నన్ను తిట్టుకోకండి.

మా ఇంటి నుంచి హైదరాబాద్‌లో మా అబ్బాయి ఇంటికి మొత్తం ఎంతసేపు పడుతుంది?

అసలు అడగాల్సిన ప్రశ్న ఇదే. విమానం గంటా పది నిమిషాలే, కానీ మన డెల్టా వాళ్ళకి మధురపూడి చేరడమే ఒక ప్రయాణం. ఎయిర్‌పోర్టు రాజమండ్రి ఊళ్ళో లేదు, ఊరికి ఉత్తరాన 18 కిలోమీటర్ల దూరంలో ఉంది. మనం ఉండేది దక్షిణాన.

అమలాపురం మనిషిని తీసుకుందాం, అబ్బాయి కూకట్‌పల్లిలో ఉంటాడు. అమలాపురం నుంచి మధురపూడి 80 కిలోమీటర్ల పైచిలుకు, కారులో రెండు గంటలు వేసుకోవాలి. చాలా విమాన కంపెనీలు లగేజీ కౌంటర్‌ని గంట ముందు మూసేస్తాయి, 25 నిమిషాల ముందు గేటు మూసేస్తాయి. అందుకని గంటన్నర ముందు అక్కడుండాలి. విమానం గంటా పది. దిగి, బెల్టు మీద సామాన్లు తీసుకుని బయటికి రావడానికి అరగంట. శంషాబాద్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా కూకట్‌పల్లికి గంటా పావు. మొత్తం కలిపితే ఆరు గంటల ఇరవై అయిదు నిమిషాలు. అందులో విమానం వాటా గంటా పదే!

అదే రాజమండ్రి దానవాయిపేట మనిషికి రోడ్డు ప్రయాణం నలభై నిమిషాలే కాబట్టి అయిదు గంటల్లో అయిపోతుంది. కాకినాడ నుంచి మధురపూడికి 65–70 కిలోమీటర్లు, ఒకటిన్నర గంట పెట్టుకోవచ్చు. మలికిపురం, సఖినేటిపల్లి వైపు వాళ్ళు రెండున్నర గంటలకి తక్కువ వేసుకోవద్దు. 'ఆయ్, గంటన్నరలో దింపేస్తానండి' అని టాక్సీ కుర్రాడు అంటాడు. రాత్రి రెండింటికి అయితే దింపుతాడేమో. పొద్దున తొమ్మిదింటికి, జొన్నాడ వంతెన మీద కొబ్బరికాయల లారీ ఒకటి ఆగిపోతే చాలు, ఇటు రావులపాలెం సెంటర్ దాకా బళ్ళు నిలిచిపోతాయి. దసరా వెళ్ళాక కోతల రోజులొస్తాయి, ధాన్యం ట్రాక్టర్లు కూడా కలుస్తాయి. టికెట్ పోగొట్టుకున్న మా కస్టమర్లు ఎక్కువమంది విమానం లేటై కాదు, రోడ్డు మీద ఆగిపోయి పోగొట్టుకున్నవాళ్ళే.

మాది భీమవరం. మధురపూడి మంచిదా, గన్నవరం మంచిదా?

మ్యాపులో గీత గీస్తే భీమవరం నుంచి మధురపూడికి 70 కిలోమీటర్లు, విజయవాడ ఎయిర్‌పోర్టు ఉన్న గన్నవరానికి 80లోపు. పెద్ద తేడా లేదు. గన్నవరం నుంచి విమానాలు ఎక్కువ, టైములు ఎక్కువ, ఒకటి రద్దయితే ఇంకొకటి దొరుకుతుంది. కాబట్టి ధర చూసి, టైమ్ చూసి నిర్ణయించుకోండి. ఏలూరు, కైకలూరు, ఆకివీడు వాళ్ళకి గన్నవరమే. తాడేపల్లిగూడెం, తణుకు, నిడదవోలు వాళ్ళకి మధురపూడే. నరసాపురం, పాలకొల్లు వాళ్ళకీ మధురపూడే దగ్గర.

కానీ ఒక సంగతి. హైదరాబాద్‌కే అయితే గన్నవరం దాకా వెళ్ళినవాడు అప్పటికే దాదాపు నాలుగో వంతు దూరం పడమరకి వచ్చేసినట్టు. అక్కడి నుంచి బస్సెక్కినా అయిదారు గంటల్లో దిగిపోతాడు. ఆలోచించుకోండి.

రైల్లో వెళ్తే సరిపోదా?

చాలామందికి సరిపోతుంది. టికెట్లు అమ్ముకునేవాణ్ణి అయినా ఉన్నమాట చెప్తున్నాను. గౌతమి, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లలో రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి హైదరాబాద్. ఎక్కువ గంటలు పట్టినా పగలు వృథా కాదు. 2023 జనవరి 15న మొదలైన విశాఖపట్నం – సికింద్రాబాద్ వందేభారత్ రాజమండ్రిలో ఆగుతుంది, అక్కడి నుంచి సికింద్రాబాద్‌కి ఆరు గంటల పైన కొద్ది నిమిషాలు. పైన చెప్పిన అమలాపురం మనిషికి స్టేషన్‌కి రావడం, కూకట్‌పల్లి చేరడం కలిపితే తొమ్మిది గంటల పైమాట. అంటే విమానం ఆదా చేసేది మూడు గంటలు. పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగి రావాలన్నా, పెద్దవాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళాలన్నా ఆ మూడు గంటలకి విలువ ఉంది. ఊరికే చుట్టపుచూపుగా అయితే రైలే హాయి, కాళ్ళు చాపుకోవచ్చు.

రాజమండ్రి నుంచి వేరే ఊళ్ళకి దూరం ఎంత?

తిన్నగా గీసిన గీత ప్రకారం చెప్తున్నాను. చెన్నై 490 కిలోమీటర్లు, గంటా పావు నుంచి గంటన్నర. బెంగళూరు 620, ఏటీఆర్‌లో అయితే గంటా నలభై దాకా. తిరుపతి రేణిగుంట 455. ముంబై 970, రెండు గంటలకి కాస్త అటూ ఇటూ. ఢిల్లీ 1,360, రెండుంబావు నుంచి రెండున్నర గంటలు. విశాఖపట్నం 160 కిలోమీటర్లే. దానికి విమానం గురించి అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. వద్దండి, రైలెక్కండి.

ఢిల్లీకి నేరుగా వెళ్ళాలా, హైదరాబాద్ మీదుగానా?

నేరుగా దొరికితే నేరుగానే. హైదరాబాద్ మీదుగా అయితే 360, 1,260 కలిపి 1,620 కిలోమీటర్లు. దూరం 260 కిలోమీటర్లే ఎక్కువైనా, మధ్యలో ఎదురుచూపుతో కలిపి అయిదారు గంటలవుతుంది. ఢిల్లీ, ముంబైలకి నేరుగా విమానాలు 2024 డిసెంబర్‌లోనే మొదలయ్యాయి.

అప్పటిదాకా పెద్ద విమానాలు ఎందుకు రాలేదు?

రన్‌వే చాలక. మధురపూడిది బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి ఎయిర్‌పోర్టు. 1985 నుంచి 1994 దాకా వాయుదూత్ అనే కంపెనీ చిన్న విమానాలు తిరిగాయి. అప్పటి రన్‌వే 1,749 మీటర్లు. ఏటీఆర్‌కి అది చాలు, నిండా జనంతో, ఢిల్లీకి సరిపడా ఇంధనంతో ఉన్న ఎయిర్‌బస్‌కి చాలదు. దాన్ని 3,165 మీటర్లకి పెంచారు. ఆ తర్వాతే ఎయిర్‌బస్‌లకి దారి దొరికింది. కొత్త టెర్మినల్‌కి 2023 డిసెంబర్‌లో శంకుస్థాపన చేశారు.

కువైట్ టికెట్ మీద రెండున్నర గంటలే చూపిస్తోంది. నిజమేనా?

కాదమ్మా. కోనసీమ నుంచి గల్ఫ్‌కి పనికి వెళ్ళే ఆడవాళ్ళు, వాళ్ళని సాగనంపేవాళ్ళు ఎప్పుడూ అడిగేది ఇదే. టికెట్ మీద బయల్దేరే టైమ్ మన టైమ్, దిగే టైమ్ అక్కడి టైమ్. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. హైదరాబాద్‌లో పొద్దున 8కి ఎక్కితే, దాదాపు 3,370 కిలోమీటర్లు, అయిదు గంటల ప్రయాణం. దిగేసరికి మన గడియారంలో మధ్యాహ్నం 1, అక్కడి గోడ గడియారంలో పదిన్నర. అందుకని టికెట్ చూస్తే రెండున్నర గంటలే అనిపిస్తుంది.

తిరుగు ప్రయాణంలో దీనికి వ్యతిరేకం. కువైట్‌లో రాత్రి 8కి ఎక్కితే మనకి తెల్లవారుజామున 3కి దిగుతుంది, తేదీ కూడా మారిపోతుంది. ఎయిర్‌పోర్టుకి తీసుకురావడానికి వెళ్ళేవాళ్ళు ఒక రోజు ముందో, ఒక రోజు వెనకో వెళ్ళి నిలబడేది ఇందుకే. టికెట్ మీద టైమ్ పక్కన '+1' అని ఉందేమో చూడండి, ఉంటే మర్నాడని అర్థం. దోహా కూడా రెండున్నర గంటలు వెనక. దుబాయ్, మస్కట్ గంటన్నర వెనక. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటల దరిదాపు.

రాజమండ్రి నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి విదేశం. రెండు టికెట్లు వేరువేరుగా తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, చౌకగానే రావచ్చు. కానీ రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. మొదటిది సామాను. దేశంలో తిరిగే విమానంలో మామూలు టికెట్‌కి 15 కిలోలు, చేతిలో 7 కిలోలు. అమెరికా టికెట్ మీద 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారనుకోండి, రాజమండ్రి టికెట్ వేరేగా ఉంటే మధురపూడిలో ఆ 46 కిలోలు చెల్లవు. 31 కిలోలకి కిలో లెక్కన డబ్బు కట్టాలి. ఒకే పీఎన్‌ఆర్ మీద మొత్తం ప్రయాణం ఉంటే సాధారణంగా విదేశీ టికెట్ లెక్కే మొదటి నుంచీ వర్తిస్తుంది.

రెండోది ఇంకా పెద్దది. రాజమండ్రి విమానం లేటై రెండో విమానం పోతే, ఒకే టికెట్ అయినప్పుడు కంపెనీయే తర్వాతి దాంట్లో ఎక్కించాలి. వేరువేరు టికెట్లయితే మీ డబ్బు పోయినట్టే. వేరుగా తీసుకోక తప్పకపోతే మధ్యలో కనీసం అయిదు గంటలు ఉంచండి. లేకపోతే ముందురోజు రాత్రి రైల్లో వెళ్ళిపోండి, టెన్షన్ ఉండదు.

వచ్చేటప్పుడు ఇమిగ్రేషన్, కస్టమ్స్ అన్నీ శంషాబాద్‌లోనే అవుతాయి. అక్కడ సామాన్లు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ రాజమండ్రి విమానానికి అప్పజెప్పాలి. మూడు గంటలకి తక్కువ గ్యాప్ పెట్టుకోవద్దు.

ఆవకాయ, పూతరేకులు, కొబ్బరి తీసుకెళ్ళొచ్చా?

పూతరేకులు, మడత కాజాలు, గొట్టం కాజాలు చేతిలో నిరభ్యంతరంగా తీసుకెళ్ళండి. పూతరేకుల డబ్బా మీద ఇంకో బ్యాగు పెట్టకండి, పొడి అయిపోతాయి. ఆవకాయ లాంటి నూనె పచ్చళ్ళు కింద వేసే పెట్టెలో పెట్టడమే మంచిది. చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర వాదన, ఆఖరికి అక్కడే వదిలేయడం. మూత చుట్టూ టేపు వేసి, రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, చీరల మధ్య కాకుండా తువ్వాళ్ళ మధ్య పెట్టండి. నెయ్యి కూడా అంతే.

ఎండుకొబ్బరి ఎందులోనూ వద్దు. నూనె ఎక్కువగా ఉండి తనంతట తానే వేడెక్కే గుణం ఉంది కాబట్టి దాన్ని మండే వస్తువుల్లో లెక్కేస్తారు. కోనసీమ వాళ్ళకి ఇది చెప్తే నవ్వుతారు గానీ నిబంధన నిబంధనే. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి, పెట్టెలో పెట్టకూడదు. పులస గురించి అడక్కండి.

పొగమంచుకి విమానం ఆగిపోతుందా?

డిసెంబర్, జనవరి నెలల్లో పొద్దున్నపూట అవుతుంది. గోదారి, కాలవలు, తడి చేలు, పైన మబ్బులేని చల్లని రాత్రి, మంచు పట్టడానికి అన్నీ ఉన్నాయి మనకి. దిగడానికి పైలట్‌కి ఇంత దూరం కనిపించాలని లెక్క ఉంటుంది. కనిపించకపోతే కాసేపు పైన తిరుగుతారు, అప్పటికీ తెరిపి ఇవ్వకపోతే విశాఖకో, గన్నవరానికో, తిరిగి శంషాబాద్‌కో పోతారు. దానికి సరిపడా ఇంధనం ముందే పోసుకుంటారు కాబట్టి భయపడాల్సింది లేదు, విసుగే తప్ప. ఆ రెండు నెలల్లో ముఖ్యమైన పని ఉంటే పొద్దున మొదటి విమానం కాకుండా పది దాటాక ఉన్నది తీసుకోండి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల భయం. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కోస్తా ఎయిర్‌పోర్టుల్లో విమానాలు పెద్ద సంఖ్యలో రద్దయ్యాయి. అలాంటప్పుడు రైళ్ళు కూడా ఆపేస్తారు, ప్రయాణం వాయిదా వేసుకోవడమే.

విమానం లేటైనా, రద్దయినా డబ్బులిస్తారా?

టికెట్ మీద గంటా పది అని ఎందుకు వేశారన్న లెక్క ఇక్కడ పనికొస్తుంది. విమాన కంపెనీల మీద అజమాయిషీ చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో నష్టపరిహారం ఆ బ్లాక్ టైమ్‌ని బట్టే ఉంటుంది. సరైన సమయంలో చెప్పకుండా రద్దు చేస్తే, గంటలోపు ప్రయాణానికి 5,000 రూపాయలు, గంట దాటి రెండు గంటల దాకా 7,500, రెండు గంటలు దాటితే 10,000. లేదా ఒకవైపు బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపినంత, ఏది తక్కువైతే అది. హైదరాబాద్ ప్రయాణం గంట దాటుతుంది కాబట్టి రెండో మెట్టులోకి వస్తుంది. ఇది టికెట్ డబ్బు వాపసు కాక అదనంగా ఇచ్చేది.

మంచు, తుపాను, కంపెనీ చేతిలో లేని కారణాలైతే పరిహారం రాదు. అప్పుడు కూడా వేరే విమానం గానీ, పూర్తి డబ్బు గానీ అడగొచ్చు. మన ప్రయాణం లాంటి చిన్న వాటికి రెండు గంటలు మించి లేటైతే టిఫినో భోజనమో పెట్టాలి. కౌంటర్‌లో వాళ్ళంతట వాళ్ళు చెప్పకపోతే మీరే అడగండి. గట్టిగా అరవక్కర్లేదు, 'రాసివ్వండి' అంటే చాలు.

సంక్రాంతికి టికెట్ ఎప్పుడు కొనాలి?

దసరా లోపు. భోగికి ముందు నాలుగు రోజులు హైదరాబాద్ నుంచి మనవైపు, కనుమ దాటాక మనవైపు నుంచి హైదరాబాద్‌కి ధరలు కొండెక్కి కూర్చుంటాయి. అదే రోజుల్లో ఎదురు దిక్కున సీట్లు ఖాళీగా, చౌకగా ఉంటాయి. అందుకే కొంతమంది తెలివిగా అమ్మానాన్నల్నే హైదరాబాద్ పిలిపించుకుంటారు. కోడిపందేలు లేని సంక్రాంతి ఏం సంక్రాంతి అనుకునేవాళ్ళకి అది కుదరదు లెండి.

రాజమండ్రికి దొరక్కపోతే విశాఖకి, గన్నవరానికి కూడా చూడండి, అక్కడి నుంచి రెండు మూడు గంటల ప్రయాణమే. 2027 గోదావరి పుష్కరాలప్పుడు కూడా ఇదే పరిస్థితి ఉంటుందని నా అంచనా.

విమానం బయల్దేరిందో లేదో ఇంట్లో కూర్చుని ఎలా తెలుసుకోవాలి?

ఫ్లైట్‌రాడార్ లాంటి యాప్‌లో విమానం నంబర్ కొట్టండి. మ్యాపు మీద చిన్న పసుపు విమానం బొమ్మ కదులుతూ కనిపిస్తుంది. టికెట్ మీద టైమ్ కాకుండా, అది నిజంగా గాల్లోకి లేచిన టైమ్ చూసుకోవాలి. శంషాబాద్‌లో లేచినట్టు చూపించాక రావులపాలెంలో కారు తీస్తే దాదాపు 50 కిలోమీటర్లు, గంటా పది నిమిషాలు. విమానం దిగి, సామాన్లు బెల్టు మీదికి వచ్చేసరికి మీరూ గేటు దగ్గర ఉంటారు. అమలాపురం నుంచి వచ్చేవాళ్ళు విమానం లేవకముందే, ప్రయాణికుడు 'ఎక్కాను' అని ఫోన్ చేయగానే బయల్దేరాలి. అంబాజీపేట వైపు నుంచి వస్తుంటే ఇంకో పావుగంట కలుపుకోండి.